యథాతథం

పదిగంటలకు బ్యాంకు టీవీ అడుగున పరుగెత్తే అక్షరాలు
రెపో రేటు యథాతథం అన్నాయి.
ఆ టీవీకి మాట పడిపోయి రెండేళ్ళయింది,
రిమోటు ఎవరి సొరుగులో ఉందో ఎవరికీ తెలియదు.

ఉరవకొండ శాఖలో నేను బంగారం చూసేవాణ్ణి.
జీతం లేదు. చూసినదానికి ఇంతని కమీషను.
నా బల్ల, నా తక్కెడ, మా నాయన ఇచ్చిన గీటురాయి,
కిటికీలో పడగ విప్పిన కొండ.

ప్రతి జూన్‌లాగే కుళ్ళాయమ్మ వచ్చింది,
నాలుగు తులాల సరుడుతో కాదు,
సరుడు తాలూకు రసీదుతో.
ఆమె మెడలో కంటే మా ఇనప్పెట్టెలోనే
ఆ సరుడు ఎక్కువ ఏళ్ళుంది.

"రేటు తగ్గిందంటనా సారూ?"
"తగ్గలేదు, పెరగలేదు."
"మరి?"
"నిన్న ఎట్లుందో అట్లే."
"దానికి అంతమంది కూచోని మాట్లాడల్లనా?"

రూలు మారింది. వడ్డీ కట్టి తిరగరాయడం ఇప్పుడు కుదరదు.
పాత అప్పు మొత్తం కట్టాలి,
కట్టిన పది నిమిషాలకు మళ్ళీ తీసుకోవచ్చు.
ఆ పది నిమిషాలకు లక్షా ఎనభైవేలు
టీ అంగడి బెంచీ మీద దస్తగిరి ఇస్తాడు.
నూటికి రూపాయి.
నెలకు కాదు, పూటకు.

బ్యాంకులూ అంతేనని పోయినేడు ఆమెకు చెప్పాను,
రాత్రికి కాగితాలు కుదువ పెట్టి
తెల్లారి విడిపించుకుంటాయని, రెపో అంటే అదేనని.
"వాళ్ళకూ ఒక దస్తగిరి ఉండాడు అయితే" అంది.
అంతకంటే బాగా చెప్పడం నాకూ రాదు.

ఈసారి దస్తగిరి రూపాయిన్నర అన్నాడు.
"అదేందప్పా, టీవీలో మారలేదంట కదా?"
"గుంతకల్లు సేటు చెయ్యి బిగించినాడు.
ఆయనకు బళ్ళారిలో బిగిసింది.
బళ్ళారికి యాడ బిగిసిందో నాకేం తెలుసు?"

కొండకవతల గాలిమరల కంపెనీ
డాలర్లలో అప్పు తెచ్చిందంటారు.
ఏ సముద్రం అవతలో వడ్డీ పావు శాతం కదిలింది,
ఇక్కడ కుళ్ళాయమ్మ మొగునికి
మూడు నెలలుగా కాపలా జీతం లేదు.
గాలి మాత్రం ఒక్కరోజూ నాగా పెట్టలేదు.

డబ్బు కట్టింది. పాత ఖాతా మూశారు.
సరుడు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.
అప్పుడు లింకు పోయింది.

పదకొండు. పన్నెండు.
మేనేజరు హైదరాబాదుకు హిందీలో మొర పెట్టుకుంటున్నాడు.
దస్తగిరి గుమ్మం దాకా వచ్చి, గడియారం చూసి, వెళ్ళాడు.
పూట తిరిగితే ఇంకో రూపాయిన్నర.

"సారూ, ఇప్పుడు ఇది ఎవురిది?"
"నీదే."
"మీకు నేనేం బాకీ లేనా?"
"మాకు లేవు."

తీసుకుంది.
కొక్కెం బిగుసుకుపోయి రాకపోతే
పింఛను వరసలో ఉన్న ముసలామెతో పెట్టించుకుంది.
రవిక మీదికి లాగి,
మెడ మడతలో చెమటా ఎర్రమన్నూ ఒకసారి తుడుచుకుని,
ఫ్యాను కింద కుర్చీలో కూచుంది.
లెక్కలు వేసుకుంటున్న ముఖం కాదు అది.
ఒకసారి మాత్రం ఏటీఎం అద్దం దాకా పోయి వచ్చింది,
డబ్బు తీయడానికి వెళ్ళినట్టే.

రెండూ ఇరవైకి లింకు వచ్చింది.
ఆమే విప్పింది. ఎవరినీ పిలవలేదు.

రుద్దాను, తూచాను.
పోయినేటి కంటే వెంట్రుక వాసి తక్కువ.
ఎక్కడికి పోయిందో నాకు తెలుసు:
ఏటా నా రాయి మీద ఒక గీత.
రసీదులో ఆ వెంట్రుకవాసికి గడి లేదు,
అక్కడ బరువు యథాతథం.

వేలిముద్ర వేసి, నోట్లు కొంగులో మూట కట్టి
దస్తగిరి వైపు నడవబోయి ఆగింది.
"ఆ రాయి మీద నా గీత యాడుంది సారూ?"

మా నాయన కాలం నుంచీ
ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు.
ఏదో ఒకటి చూపించాను.