పట్టీలో ఒక మెలి

చెప్పులతో రావద్దని చెప్పానా లెతెబ్రహాన్?
పందెం బూట్లు తొడుక్కునే రావాలి కొలతకి.
సరే, తెచ్చావుగా, వేసుకో. ఆ డబ్బా మీద కూర్చోకు,
బేరింగు గుళ్ళున్నాయి అందులో, ఒలికితే అస్మారా అంతా ఏరాలి.

గుడ్డ విప్పక్కర్లేదు.
లోపలున్నవి నాకు తెలుసు.
ఉక్కువి, క్రోము పూత,
కుడిదాని ముక్కు మీద మసావా దిగుడులో
రాతిగోడకి రాసుకున్న గీత.
మీ మామ హబ్తెజ్గిది పాదం కాదు, పడవ.
నలభై ఐదో నంబరు.

నీది ముప్పై ఏడు.
ఇందులో కాలు దూర్చావంటే
వేళ్ళు ముందుకి పోయి పోయి గోడ కోసం తడుముకుంటాయి,
ఇరుసేమో వచ్చి అరికాలి గుంట కింద కూర్చుంటుంది.
గుంటతో ఎవరు తొక్కుతారే?
బొటనవేలి మొదట్లో, ఇదిగో,
చిన్న ఉల్లిపాయంత ఎముక,
ఇది నిలబడాలి ఇరుసు నెత్తిన.
అప్పుడే పిక్కలో పుట్టిన బలం
దారిలో ఎక్కడా కాఫీకి ఆగకుండా గొలుసు చేరుతుంది.

పైగా హ్యాండిల్ తిప్పి చూడు,
పొడుగు క్లిప్పు ముందు చక్రాన్ని తాకుతోంది.
మలుపులో నేలని ముద్దాడతావు.

మొహం అలా పెట్టకు.
ఆయన ఇచ్చాడని తెలుసు.
షుగరు కుడికాలు పట్టుకుపోయాక
ఈ గోడకున్న సైకిలు దించి నాకే అమ్మజూపాడు.
నేను కొనలేదు. తిట్టుకున్నాం. ఆర్నెల్లు మాటల్లేవు.

మెదెబెర్ సంతలో, రేకులు సాగ్గొట్టే చప్పుడు మధ్య
ఏరి తెచ్చిన జత ఒకటుంది, చిన్న సైజు.
అల్యూమినియంవి తేలికే గానీ
నువ్వు ఎక్కుడులో లాగే లాగుడికి వంగిపోతాయి.
ఇవి ఉక్కు. తుప్పుంది, నిమ్మచెక్కతో పోతుంది.
పెట్టు కాలు. కొనకీ బూటుకీ మధ్య
శనగబద్ద పట్టాలి. పట్టిందా?
బోల్టులు రెండూ ఇప్పుడే బిగించను,
చర్చి దాకా తొక్కిరా,
పాదం తన చోటు తనే చెబుతుంది.

పట్టీలు రేపిస్తాను.
ఎండి అప్పడాల్లా ఉన్నాయి, రాత్రంతా నెయ్యి తాగాలి.

        *

వచ్చావా. చూడు, తోలు మళ్ళీ తోలయింది.
బకిల్ బయటివైపు. పట్టీ పెడల్ పొట్టలోంచి పోయేటప్పుడు
ఒక మెలి తిప్పాలి, ఒక్కటే.
అది లేకపోతే లాగిన ప్రతిసారీ జారుతుంది,
నువ్వు పట్టీని సర్దుకుంటుంటే
వెనకవాళ్ళు నీ పక్కనుంచి వెళ్ళిపోతుంటారు.

ఇదిగో, బకిల్ కొరికిన నల్లమరక.
ముప్పై ఏళ్ళు మీ మామ ఇక్కడే ఆగాడు.
నీకు బిగిస్తే మరక బకిల్ దాటి
మూడు వేళ్ళు బయటికొచ్చింది, తోకలో వేలాడుతోంది.
కోసెయ్యనా?

కత్తెర కింద పెట్టాలే, అలా చూడకు.
ఊగనీ. బయటివైపేగా.

ఇంక ఒక్క మాట, ఇది మాత్రం విను.
ఆగబోయే ముందు వంగి పట్టీ వదులు చెయ్యి, తర్వాతే బ్రేకు.
మీ మామ మొదటిసారి మర్చిపోయాడు.
తాటిచెట్ల వీధిలో కాఫీ బారు ముందు,
ఆదివారం, ఊరంతా బయటే కూర్చుని ఉండగా,
ఆగిన సైకిలుతో సహా పక్కకి ఒరిగాడు,
నెమ్మదిగా, పెద్దమనిషిలా, ఎవరికో వంగి దండం పెడుతున్నట్టు.
లాగితే కాలొచ్చింది.
బూటు క్లిప్పులోనే ఉండిపోయింది.

నవ్వు, ఫరవాలేదు.
మొన్న నేను వెళ్ళి గుర్తుచేస్తే ఆయనా నవ్వాడు.
డబ్బులు పందెం అయ్యాక.
ఆ మలుపు దగ్గర కుర్చీ వేయించి ఉంచుతాను, రెండు.