రొంత బురద

టౌన్‌హాలోళ్ళు ముందే చెప్పినారు,
చెక్క స్టేజీ, తడి తగలకూడదని.
వెంగమ్మ సరేనని తల ఊపింది.
అప్పటికే నా ఆటోలో
రెండు యూరియా సంచుల కాలవ బురద
ఎక్కించి ఉండాది.

నాకు ఆట తెలీదు, పాట తెలీదు.
ఆటో నాది, అంతే.
ఆరు నెలలు, పొద్దుగూకినాక,
ఇసకపల్లి యానాది సంఘంలో
ఈ ఆట పుడతా ఉంటే చూసినోణ్ణి.

మొదట్లో చేతులు అందంగా తిప్పేది,
తిరపతిలో నేర్పించినట్టు.
ఏకొల్లు మంగమ్మవ్వ పొగాకు ఉమ్మి అనింది:
"పీత అట్టా పోదు మే.
నిన్ను చూసి ఆగుతాది. ఆగి, అప్పుడు పక్కకి."
ఆ ఆగడం నేర్చుకోను
ఇరవై రోజులు పట్టింది.

మోకాలిలోతు కాలవలో కళ్ళతో పనిలేదు.
బొటనవేలు అడగతాది,
మడమ జవాబు చెప్తాది.
ఎవురి గట్టు యాడిదాకా వచ్చిందో
పాదానికే ముందు తెలుస్తాది.

తాళం ఏందనుకున్నారు?
వాళ్ళ నాయన కాపలా ఉండిన రొయ్యల గుంటలో
ఏరియేటర్ తిరిగే చప్పుడు.
పదివేల అప్పుకి నాలుగేళ్ళు
టార్చిలైటుతో గట్టు చుట్టూ తిరిగినాడు పోలయ్య.
కునుకొచ్చి ఒళ్ళు తూలి
పడబోయి మళ్ళా నిలబడతాడే,
ఆ తూలుడు
ఆటలో పదకొండు సార్లు వస్తాది.
పదకొండోసారి ఆమె నవ్వుతాది.
ఎందుకని అడిగినా.
"మా నాయన నవ్వేవోడు" అనింది.

ఆ రాత్రి నెల్లూరులో నలభై మంది జనం.
ముందు వరసలో ఒకాయన ముక్కు మూసుకున్నాడు.
బురద పరిచి, చీర ఎగ్గట్టి,
స్టేజీ ఎక్కింది అనాలేమో.
నాకు మాత్రం దిగినట్టే కనిపించింది.

చప్పట్లు రొంతసేపు.
చెక్క కడిగేదానికి ఎనిమిదొందలు కట్టమన్నారు.
నాలుగొందలు నేను, నాలుగొందలు ఆమె.

ఊడవనొచ్చిన ముసలామె
చీపురు గోడకి ఆనించి,
చిటికెడు బురద తీసి వాసన చూసింది.
"జువ్వలదిన్నెది కాదే ఇది.
ఇసకపల్లిదా? గుల్ల వాసనొస్తా ఉండాది."

మొహం కడుక్కుంటా ఉన్న వెంగమ్మ
ఆగింది,
పీత ఆగినట్టు.

ముసలామె చెప్పులు విడిచి
బొటనవేలు ఆనించింది.
వాచ్‌మన్ లైట్లు ఒక్కోటీ ఆర్పుకుంటా వస్తా ఉన్నాడు.
ఇంకో రెండు ఉన్నాయి.