చంద్రగిరిలో ఎక్కడ తినాలి

పర్లాకిమిడిలో జీపెక్కింది మొదలు
ఒకటే గోల, ఎక్కడ తింటాం?

దాలమ్మత్త ఒళ్ళో స్టీలు క్యారేజీ,
మూతకి తువ్వాలు ముడి.
"బయటి కూడు నాకొద్దు"
ఉదయగిరి ఘాటీ ఎక్కకముందే తేల్చేసింది.
జగ్గారావు బావకి మాంసం.
పిల్లలకి ఎక్కడో చూసిన
పొగలు కక్కే తెల్లటి ఉండలు.
నేను లెక్కల మనిషిని.
తొమ్మిది నోళ్ళు, పన్నెండొందలు.

చంద్రగిరిలో మంచు
జొన్నపొత్తుల చేల మీద కూచుని లేవనంటోంది.
బౌద్ధుల గుడి పక్క హోటల్లో
ధరల పలక చదివి
విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాం.
రోడ్డు మలుపు భోజనం కొట్టువాడు
గరిటె బోర్లించి "భాత సరిగలా" అన్నాడు.
చలికి చిన్నోడి పళ్ళు
గిలక్కాయలా టకటకా.

అప్పుడు పిలిచింది
రంగు గుడ్డలు తోరణంగా ఎగిరే ఇంట్లోంచి ఓ ముసలామె,
నడుముకి చారల గుడ్డ,
మా అందరికన్నా శుభ్రమైన ఒడియాలో.

ఎనిమిది గిన్నెల తుక్పా.
ముల్లంగి, వెల్లుల్లి, పొడుగు సేమియా.
అత్త మాత్రం క్యారేజీ విప్పింది.
ఇంగువ పులిహోర వాసనకి
ముసలామె గరిటె ఆగింది.
అడగలేదు. అత్తే పెట్టింది, అరచేతిలో.
ఎండుమిరప తగిలి
ఆమె కళ్ళంట నీళ్ళు, నోరంతా నవ్వు,
మళ్ళీ చాచిన చెయ్యి.

బిల్లులో ఒక గిన్నె కొట్టేసిందామె.
మిగిలిన అరవై నా జేబులో పడేలోపే
"అది నా పులిహోర సంపాదన" అని
అత్త లాక్కుని కొంగున కట్టుకుంది.

ఘాటీ దిగేదాకా
ఆ ముడి తడుముతూనే ఉంది.