కిరాయి శత్రంజీలు

శాంతి సభకు పన్నెండు శత్రంజీలు కావాలన్నరు.
టెంటు హౌసు ఆటోల నేనే ఏసుకపోయిన
కొత్తవాడ నుంచి హన్మకొండకు.
ఎర్రవి ఆరు, నీలివి ఆరు.
నీలిదాని అంచుకు ఒకకాడ పోగు తప్పుంటది.
అది మా యాకలచ్చవ్వ నేసింది,
ఆ పొద్దు ఆమెకు జరం.

పెద్దలు మాట్లాడిండ్రు.
శాంతి అంటే పావురమన్నరు, మల్లెపువ్వన్నరు.
నేను వెనుక మైకు వైరు పట్టుకొని నిలవడ్డ.
నాకు మా గల్లీ నల్ల యాదికొచ్చింది.

అరువై ఇండ్లకు ఒక్కటే నల్ల ఉన్నప్పుడు
కోడి కుయ్యకముందే బిందెలు బారు తీరేటియి.
సుగుణక్క ముందటి పన్ను ఊడింది ఆ లైన్లనే.
ఎండకాలం ఒకనాడు
పోశాలు తమ్ముడు, జానీమియా కొడుకు
ఒక్క బకెటు కాడ కత్తులదాక పోయిండ్రు.
మూడు దినాలు గల్లీ మొగన పోలీసు వ్యాను.
పేపరోళ్లు దానికి మతం పేరు వెట్టిండ్రు.
దాని పేరు దూప.

ఇంటింటికి నల్లలొచ్చినంక
ఎవ్వలు కమిటీ ఎయ్యలే,
చేతులు కలుపుండ్రని ఎవ్వలు చెప్పలే.
కొట్లాట ఎటు పోయిందో
ఎవ్వలు ఎతకనన్న ఎతకలే.
ఇప్పుడు ఆ ఇద్దరు ఒక్క బండి మీదనే
ఏనుమాముల మార్కెట్ల మిరప బస్తాలు దించవోతరు,
ఒకడు తుమ్మితే ఇంకొకడు నవ్వుతడు.
హమాలీ కూలి కాడ ఇంక పంచాయితి నడుస్తనే ఉన్నది,
అది వేరే ముచ్చట.
కాదు, వేరే కాదు. గదే ముచ్చట.

మొన్న యాకలచ్చవ్వ
పొదుపు సంఘంల అప్పు తీస్కొని
మిత్తీల సారంగం కాయితం ఇడిపించింది,
నాలుగు తునకలు చేసి పొయిల ఏసింది.
దాని మంటకు చాయ కూడ మసలలేదట.
ఆ రాత్రి మగ్గం గుంట పక్కనే పండుకొని
ఎన్ని ఏండ్లకో గురక వెట్టిందని
కోడలు నవ్వుకుంట చెప్పింది.
మైకుల వినవడ్డ మాటలన్నిట్ల
ఆ గురకంత నిమ్మళమైన మాట
నాకొక్కటి దొరకలే.

సభ అయిపోయింది. చప్పట్లు.
శత్రంజీలు దులిపితే
పల్లీల పొట్టు, ఒక అంగి గుండీ,
శాంతి అని అచ్చైన కాయితాలు రాలినయ్.
వాటి మీద చెప్పుల అచ్చులు.
తప్పిన పోగు మీద ఎవరో పెద్దమనిషే కూసున్నట్టుండు,
అక్కడ ఇంక ఎచ్చగున్నది.

మడతలు వెట్టి ఆటోల ఏసి
కిరాయి అడిగిన.
శాంతంగ ఉండు తమ్మీ,
రేపిస్తమన్నరు.