సోమ, బుధ, శుక్ర

గుజ్జు ఫ్యాక్టరీలో తొడిమలు తుంచే పని నాది.
సొన చిమ్మితే యాడ కాలుతుందో
చర్మం చెప్పకముందే చెప్తా.
మోచేతి కింద మచ్చలన్నీ తోతాపురి రాసినవే.

ఇది మాత్రం
ముప్పైనాలుగేండ్లుగా సబ్బు చెయ్యి తప్ప
చూపు పోని చోట.
పులిపిర్లు. మూడు, ఆనక ఐదు.

చిత్తూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
గొంతు తగ్గించకుండానే చెప్పింది:
పాపం కాదు, వైరస్సు.
ఎప్పుడంటుకుందో ఎవురూ చెప్పలేరు.
మందు నువ్వే రాసుకోవాల.
సెల్వి సిస్టరు ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది,
చామంతి పువ్వు మాదిరి.
ఇక్కడ రాయి, ఇక్కడొద్దు, లోపలికి అసలే వద్దు.
సోమ, బుధ, శుక్ర, పండుకునేముందు.
పొద్దున్నే సబ్బుతో కడిగెయ్యి.
పదారు వారాలైనా పట్టొచ్చు.

దొరస్వామికి చెప్పడానికి రెండు రాత్రులు పట్టింది.
ఫ్యాను రెక్కల్నే చూసి చూసి
"నేనూ చూపించుకోవాల్నా?" అన్నాడు.
అంతే. చాప తీసి వసారాలో పరుచుకున్నాడు.

గడియ లేని బాత్రూము తలుపుకి బకెట్టు అడ్డం.
పౌడరు డబ్బా అద్దం గోడకానించి
గొంతుకూర్చుంటా.
పొట్లం చించితే వేలికొసన శనగ్గింజంత తెలుపు.
మొదటి సోమవారం వేలు వణికింది.
నాలుగో వారానికి
మా ఈది సందుల్లాగా తెలిసిపోయింది ఆ చోటు.

ఐదో వారం మండింది. ఎర్రగా, సొన పడినట్టే.
సెల్వికి ఫోను చేస్తే
రొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదులుపెట్టు,
మందు పనిచేస్తాండాదిలే అనింది.
మంట కూడా పనిచేస్తాదని
ఫ్యాక్టరీలో నాకెవురూ చెప్పలేదు.

క్యాలెండర్లో నా చుక్కలు చూసి
అత్త అడిగింది:
"ఏం మొక్కునావు మే, ఇన్ని ఒక్కపొద్దులు?"
అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి
ఏమిటికో ఆగిపోయింది.
చెప్పేసినా.

అత్త చింతపండు పిక్కలు తీస్తానే ఉండాది.
చానాసేపు.
"నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాకూ లేచినాయి.
సున్నం పెట్టినా. జీడిసొన పెట్టినా.
కాలింది, ఎవురికీ చెప్పలా.
ఇప్పుడా మచ్చ పక్కనే ఏందో...
ఆ మందు రొంత మిగిలితే—"

నాది నీకొద్దత్తా. అదేందో ముందు తెలియాల.

శుక్రవారం, బంగారుపాళెం బస్సులో
చిత్తూరుకి ఇద్దరం.
కొంగున ముడేసిన ఆధార్ కార్డు తడుముకుంటా
డాక్టరు ఆడమనిషే కదా అని
మూడుసార్లడిగింది.
నాలుగోసారీ చెప్పినా.