నూట పన్నెండో పేజీ

ఫ్లీట్‌వుడ్ గ్రంథాలయంలో వెనక గది నాది.
అట్టలు ఊడినవాటికి జిగురు, కుట్టు తెగినవాటికి దారం.
రేవులో పడవలు పోయి ఎన్నేళ్లయినా
ఈ ఊరి పుస్తకాలు ఇంకా ఉప్పు వాసనే వేస్తాయి.

ఇవాళ బల్ల మీద వెల్లకిలా పడుకున్నది
మా తాతల కాలపు హాస్య నవల.
ఒక ప్రభువు గారి ఇంట విందు. బిషప్పు ఒకడు,
యుద్ధం చూడని కల్నల్ ఒకడు,
అప్పులతో బలిసిన మేనల్లుడు,
బల్ల కింద చెవిటి కుక్క.
నూట పన్నెండో పేజీలో
పనిపిల్ల కాలు తివాచీలో చిక్కుకుంటుంది.
సూపు గిన్నె లేస్తుంది,
దాంతోపాటు వాక్యమూ లేస్తుంది,
కామా తర్వాత కామా, పదకొండు పంక్తులు గాల్లోనే తేలి
బిషప్పు ఒళ్లో పూర్ణవిరామం.

నాకు నవ్వొచ్చింది కుక్క దగ్గర. అది వేరే సంగతి.

ఆ పేజీ అంచుల్లో ఖాళీ లేదు.
పైన పెన్సిల్:
"రైల్లో చదివాను. నా నవ్వుకి
ఎదుటావిడ పెట్టె మారింది."
పక్కన, వణికిన గీతల్లో:
"నేలమాళిగలో ఉన్నాం, పైన విమానాలు.
ఈ పేజీ మూడుసార్లు చదివించుకున్నారు."
కింద నీలి సిరా, కాగితం చిరిగేంత ఒత్తి:
"ఇందులో నవ్వడానికి ఏముంది"
దాని కింద ఆకుపచ్చ: "మళ్లీ చదువు."
మళ్లీ నీలం: "చదివాను. ఏమీ లేదు."
ఎవరో బడిపంతులు, ఎర్రగా:
"ప్రశ్నార్థకం ఏదీ?"

గురువారం చదువరులు కూడితే
జిగురు ఆరకముందే పట్టుకెళ్లాను.
ట్రాము నడిపి రిటైరైన ఆర్మరాడ్
బిషప్పు గొంతు పెట్టి చదివాడు.
నలభై ఏళ్లు స్టాపుల పేర్లు అరిచిన గొంతు.
కుర్చీలు కిర్రుమన్నాయి,
హెస్కెత్ గారి కట్టుడు పళ్లు చేతిలోకి వచ్చాయి.
నవ్వు నాలుగు విధాల చేటంటారు,
ఆయనకిది ఐదోది.

చేపల ఫ్యాక్టరీ కుర్రాడు రాడెక్,
పోలండ్ నుంచి వచ్చి రెండేళ్లు,
పంక్తి మీంచి వేలు తీయకుండా అడిగాడు:
"నేను ఎవర్ని చూసి నవ్వాలి?
బిషప్పునా, ఆ అమ్మాయినా?"

ఎవరూ పలకలేదు. కెటిల్ ఒక్కటే ఈల వేసింది.

అప్పుడు మిసెస్ త్రెల్‌ఫాల్, ఎనభై ఆరేళ్ల మనిషి,
మూడు నెలలుగా అల్లుతున్న మేజోడు పక్కన పెట్టి,
"సూపు ఎంత వేడిగా ఉందో రాయలేదు కదా ఈయన," అంది.
వాళ్లమ్మ పధ్నాలుగో ఏట
ఇలాంటి ఇంట్లోనే గిన్నెలు మోసిందట.
మణికట్టు మీద తెల్లటి మచ్చ,
ఎదుట సముద్రంలోని మాన్ దీవి ఆకారంలో.
"పదిహేడేళ్లప్పుడు ఈ పుస్తకం మీద
నాకు పుట్టెడు కోపం వచ్చింది."

"మరి మీ అమ్మకో?"

"అమ్మకా? అమ్మకి ఈ పేజీ కంఠతా వచ్చు.
ఆదివారాలు పిండి పిసుకుతూ ఒప్పజెప్పేది.
బిషప్పు ముఖం అచ్చంగా పెట్టేది.
కళ్లు కారేవి, పిండి చేత్తోనే తుడుచుకునేది.
ఎంత వేడో తెలిసిన మనిషి, అంతలా ఎలా నవ్విందో
నాకిప్పటికీ..."
ఆగిపోయింది. పుస్తకం తన వైపు తిప్పుకుంది.
కళ్లద్దాలు పైకి తోసి అంచు మీదకు వంగింది.

"ఆకుపచ్చ సిరా చవక ఆ రోజుల్లో.
అమ్మ ఎప్పుడూ అదే కొనేది,"
అని మాత్రం అని, మేజోడు అందుకుంది.

పై ఆఫీసు ఉత్తరువు: అంచులు కత్తిరించి, రాతలు చెరిపి,
శుభ్రంగా బీరువాలో పెట్టండి.
కత్తి సానబెట్టాను. పక్కన పెట్టాను.
వెన్నుకి మాత్రం కొత్త గుడ్డ వేశాను.

చివర్న పెన్సిల్ తీసుకుని
నీలి సిరా మాట పక్కన
ఎర్ర సిరా అడిగిన ఆ కొక్కెం పెడదామని వంగి,
చాలాసేపు అలాగే ఉండి,
రాడెక్ బయట ఎదురుచూస్తున్నాడని గుర్తొచ్చి
తేదీ ముద్ర కొట్టి ఇచ్చేశాను.