సైకిల్ స్టాండు దిక్కు గోడ

రాత్రి రెండు దాటింది.
బ్లడ్ బ్యాంకుల ఫ్రిజ్జులు గుర్రుమంటున్నయ్.
ఫ్లాస్కుల చాయ్ అడుగుకొచ్చింది.
నిద్ర ఆగాలని ఫర్హత్ మొదలువెట్టింది:
"బతుకు మొత్తంల నచ్చిన సినిమా. ఒక్కటే చెప్పాలె.
రెండు చెప్పినోళ్లదే రేపటి చాయ్."

ముందుగాల తనే చెప్పింది.
కత యాదికి లేదట, హీరో ఎవరో కూడ డౌటే.
పెండ్లైన ఐదో రోజు, బాల్కనీల ఏసీ చలికి
మొగుడు తన చున్నీ సగం గుంజి కప్పుకున్నడట.
"గందుకే అది మంచి సినిమా" అన్నది.

మల్సూర్ పదకొండు సార్లు చూసిండు తనది.
పాట రాంగనే జేబులున్న చిల్లరంత తెరమీదికి ఇసిరి
బస్సుకు పైసల్లేక
క్రాస్ రోడ్స్ నుంచి ఉప్పల్ దాక నడిచిండు, ఈలేసుకుంట.
ఇప్పుడు కూడ వేసిండు, సన్నగ,
ఎమర్జెన్సీ దిక్కు ఒక కన్నేసి.

కొత్త డాక్టరమ్మ ఫోన్ల నుంచి తల లేపి
"నాది ఇంకా రాలేదేమో" అన్నది.
ఎవ్వరం నవ్వలే.

నా వంతు.
అందరికన్న ఎక్కువ నచ్చిన సినిమా
నేను చూడలే.

మా నాయిన ముషీరాబాద్ల ఒక టాకీసు కాడ
సైకిల్ స్టాండు నడిపేటోడు.
సీటు మీద సుద్దముక్కతోని నంబరు,
చేతిల అదే నంబరు రేకుబిళ్ల.
బడి ఇడువంగనే నేను ఆడనే,
క్యారియర్ మీద పుస్తకం, ఒళ్లె బిళ్లల డబ్బా.
ఎనుక గోడకు ఇంత పెద్ద పంకా ఉండె.
లోపలి గాలిని బయటికి నూకేది:
బీడీ పొగ, చెమట, ఏంచిన పల్లీల వాసన,
వాటి నడుమకెంచి వయొలిన్లు.

రెక్కలు తిరుగుతుంటే మాటలు తునకలైతుండె.
"నిన్ను" అని ఇనొచ్చేది, తర్వాతది తెగిపొయ్యేది.
ఆ తెగిన జాగల నాకు తోచింది నేను పెట్టుకున్న.
ఆమెకు నీలం చీర కట్టిన.
ఆమె ఏడ్చుకుంట దిగే మెట్లు మా బడి మెట్లే.
వాన పాటకు వాన మా గల్లీదే,
మోరీ పొంగి, చెప్పొకటి కొట్టుకపొయ్యే వాన.

నూర్రోజులు ఆడింది. రోజుకు రెండాటలు ఇన్న.
ఇంటర్వల్‌కు ముందు ఒక షెహనాయి
ఉన్నట్టుండి ఆగుతది.
నాలుగు క్షణాలు ఏముండదు.
లోపల ఎనిమిది వందల మంది ఊపిరి బిగపట్టింది సుత
పంకాలకెంచి ఇనిపిచ్చేది నాకు.
తర్వాత ఒక్కటే ఒక్క వీణ తీగ.
"గేటు తియ్యి బిడ్డా" అనేటోడు నాయిన.
తీసేదాన్ని.

"ఒక్కసారి సుత లోపలికి తోలలేదా?" అడిగింది ఫర్హత్.
తోలిండు. ఆఖరి ఆట నాడు, మేనేజర్ కాళ్లు వట్టుకున్నంత పని చేసి.
నేను పరదా దాక పొయ్యి వాపస్ వచ్చిన.
కడుపునొస్తుందని చెప్పిన.
నీలం చీర కాకుంటే ఎట్ల?

మొన్న ఆదివారం టీవీల వచ్చింది.
పేర్లు పడకముందే, మొదటి దరువుకే గుర్తువట్టిన.
కుర్చీ మలుపుకొని గోడ దిక్కు తిరిగి కూసున్న.
బిడ్డ నవ్వింది. నవ్వనీ.
కని మాటలన్ని సాఫ్ సాఫ్‌గ ఉన్నయి,
ఒక్క తునక లేదు, నేను పట్టే సందు లేదు.
లేచి టేబుల్ ఫ్యాను తెచ్చి నడుమల పెట్టిన.
అప్పుడు వచ్చిండు నాయిన,
జేబు నిండ సుద్ద, వేళ్ల నిండ చైన్ గ్రీజు.

"అయితే పేరేంది ఆ సినిమాది?" అన్నడు మల్సూర్.
చెప్పబొయ్యే లోపల
మూలకున్న పాత ఫ్రిజ్జు మోత ఆగింది.
నాలుగు క్షణాలు.

నా చెయ్యి గేటు కోసం లేచింది.